పిడ్ అంటే ఉత్త నంబరేనా?

మా పాత ప్రాజెక్టులో ఒకే సి కోడు లినక్స్ మీదా, విండోస్ మీదా నడవాలి. ఎవరో మహానుభావుడు ప్రాసెస్ ఐడీని అంతటా ఇంట్‌లో దాచేశాడు. ఓ రాత్రి ఫోర్క్ ఫెయిలై -1 ఇచ్చింది. ఎవరూ చెక్ చెయ్యలేదు. కాసేపటికి క్లీనప్ కోడు ఆ -1 కే కిల్ కొట్టింది. యునిక్స్‌లో దానర్థం ఏంటో తెలుసుగా? నీకు పర్మిషన్ ఉన్న ప్రతి ప్రాసెస్‌కీ సిగ్నల్ పంపమని! ఆ యూజర్ పేరు మీద నడుస్తున్న బిల్డులూ, టెస్టులూ అన్నీ హరీమన్నాయి. ఆ మహానుభావుడు నేనేనని వేరే చెప్పాలా?

అందరూ ఇచ్చిన సలహా ఒకటే, టైపు మార్చమని. పోసిక్స్‌లో పిడ్_టి, సైన్డ్. విండోస్‌లో డీవర్డ్, అన్‌సైన్డ్. ప్రింట్ చెయ్యాలంటే పిడ్_టిని లాంగ్‌కి కాస్ట్ చేసుకోవాలి. సరే, చేశాం. కానీ నన్నడిగితే అది పైపూతే. విజయవాడలో దిగిపోయినవాడి బెర్తులో ఇంకొకడు పడుకున్నట్టు, చచ్చిపోయిన ప్రాసెస్ నంబరు ఇంకోదానికి వస్తుంది. మీరు లేపేది ఎవర్ని?

విండోస్‌లో హ్యాండిల్ మూసేదాకా ఆ ఐడీ ఇంకొకరికి పోదు. యునిక్స్‌లో మనం వెయిట్‌పిడ్ పిలిచేదాకా చైల్డ్ నంబరు మనదే. మన పిల్లలు కాని ప్రాసెస్‌ల కోసం లినక్స్ 2019లో, 5.3 కెర్నెల్‌లో, పిడ్‌ఎఫ్‌డీ_ఓపెన్ ఇచ్చింది. అంటే రెండు చోట్లా నమ్మదగ్గది నంబరు కాదు, మన చేతిలో ఉన్న పట్టు. ఆ పట్టుని ఓ స్ట్రక్ట్‌లో దాచి స్టార్ట్, వెయిట్, కిల్ మాత్రం బయటపెట్టండి. నంబరా? లాగ్‌లో రాసుకోడానికి పనికొస్తుంది.