చలిని తిట్టేముందు బ్యాటరీ మూత తీసి చూడండి



ఈ వారం ధ్యానానికి మత్తయి 25వ అధ్యాయములోని పదిమంది కన్యకల ఉపమానం తీసుకున్నాను. కానీ రాయబోయేది ట్రాక్టరు బ్యాటరీ గురించి. నవ్వకుండా చదవండి.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు మన యవ్వనస్థులు క్యారల్స్ ముగించుకొని అర్ధరాత్రి దాటాక ఇళ్లకు చేరారు. ట్రాలీలో నక్షత్రం, సీరియల్ లైట్లు, రెండు సౌండు బాక్సులు. డీజిలు మిగులుతుందని ప్రతి ఇంటి ముందూ ఇంజను ఆపారు, పాట మాత్రం ఆపలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు వాగు అవతల గూడెంలో ఒక సహోదరికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు వచ్చేది వాగు ఇవతల తారు రోడ్డు దాకే. అక్కడిదాకా తీసుకురావలసింది ఆ ట్రాక్టరే. తాళం తిప్పితే టక్ మని ఒక్క శబ్దం, అంతే. పదిమందిమి చీకట్లో తోశాం. ముప్పావు గంట పోయింది. తల్లీ బిడ్డా క్షేమము, దేవునికి స్తోత్రము. అయితే ఆ ముప్పావు గంటను మింగింది సాతానూ కాదు, చలీ కాదు. మన క్యారల్సే. పండుగ పూట ఎందుకులే అని ఆరాధనలో ఈ మాట చెప్పలేదు. అది నా తప్పే. ఇప్పుడు చెబుతున్నాను.

చలికి బ్యాటరీ పోయిందనేది మన ప్రాంతంలో అందరి నోటా ఉన్న మాట. అందులో నిజం సగమే. చలికి ఇంజనాయిల్ చిక్కబడుతుంది, స్టార్టరుకు ఎక్కువ కరెంటు కావాలి, సరిగ్గా అప్పుడే బ్యాటరీ తక్కువ ఇస్తుంది. డీజిలు ఇంజను వేగంగా తిరిగితేనే లోపల గాలి వేడెక్కి మంట అందుకుంటుంది, మెల్లగా తిరిగితే పొగే. కానీ గోదావరి ఒడ్డున ఎంత చలి పెట్టినా సున్నా డిగ్రీలకు దిగదు. మంచు కురిసే దేశాల్లో కూడా మంచి బ్యాటరీ ఇంజనును లేపుతుంది. మన బ్యాటరీని చంపేది మే నెల. భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం 45 డిగ్రీలు చూసిన ఊళ్లు. వేడి సుమారు పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుస్సు సగమవుతుందని ఆ పని తెలిసినవాళ్ల లెక్క. నీళ్లు ఇగిరిపోతాయి, ప్లేట్లు బయటపడి ఎండుతాయి. ఎండాకాలంలో చచ్చినదాన్ని చలికాలంలో చూసి ఏడుస్తాం.

ఒకసారి ఒక అన్న ట్రాక్టరుకు ప్రార్థన చేయమని నన్ను తీసుకెళ్లాడు. ప్రార్థన చేశాను, నూనె కూడా పూశాను. తరువాత మూతలు తీసి చూస్తే ఆరు గదుల్లో నాలుగింటిలో ప్లేట్ల మీద నీళ్లే లేవు. ప్రార్థనను తక్కువ చేయడం లేదు ప్రియులారా, కానీ ఆ రోజు నేను నూనె పూసేముందు మూత తీసి ఉండాల్సింది. పోయవలసింది డిస్టిల్డ్ వాటరే, ప్లేట్లు మునిగి ఒక సెంటీమీటరు పైకి. బోరు నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు.

మరో సహోదరుడి సంగతి ఇంకా బాధాకరం. రెండు చలికాలాల్లో రెండు కొత్త బ్యాటరీలు కొన్నాడు, రెండోది వడ్డీకి తెచ్చిన డబ్బుతో. తప్పు బ్యాటరీది కాదు. యాసంగి నాట్లకు దమ్ము చేసేటప్పుడు కేజీవీల్స్ చిమ్మిన బురద ఎర్తు తీగ బోల్టు కింద చేరి తుప్పు పట్టింది. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగిస్తే బండి లేచింది. అందుకే షాపుకు పోయేముందు ఒక పరీక్ష చేయండి. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు ఆరిపోతే బ్యాటరీ డీలా పడింది, లేదా టెర్మినల్ వదులైంది. లైట్లు వెలుగుతూనే ఉండి స్టార్టరు పలకకపోతే స్విచ్చి, క్లచ్ దగ్గరి సేఫ్టీ స్విచ్చి, సోలినాయిడ్ వైరు చూడండి.

మల్టీమీటరు ఉంటే ఇంకా తేలిక. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంజను నడుస్తుండగా 13.8 నుండి 14.4 మధ్య రావాలి. నడుస్తున్నా 12 దగ్గరే నిలిస్తే ఆల్టర్నేటరు పెట్టడం లేదు. అయితే ముందు దాని బెల్టు వదులైందేమో చూడండి. 15 దాటితే రెగ్యులేటరు పాడై బ్యాటరీని ఉడకబెడుతోంది.

సారపాక మిల్లుకు జామాయిల్ తోలే తమ్ముళ్లకు ఒక మాట. స్టార్టరు మీద స్క్రూడ్రైవరు పెట్టి నిప్పురవ్వతో లేపడం మానండి. బండి గేరులో ఉంటే ముందున్న మనిషి మీదికే వస్తుంది. నేలమీద నిలబడి స్టార్టు చేసినవాడికి క్లచ్ అందదు, బ్రేకు అందదు. బ్యాటరీ దగ్గర బీడీ కూడా వద్దు. చార్జింగులో వచ్చే వాయువుకు ఒక్క రవ్వ చాలు.

ఉపమానంలో నన్ను ఆపిన సంగతి ఒకటుంది. బుద్ధిగలవారూ నిద్రపోయారు, బుద్ధిలేనివారూ నిద్రపోయారు. మెలకువగా ఉన్నందుకు ఎవరూ లోపలికి పోలేదు. తేడా నిద్రకు ముందే జరిగిపోయింది. పాపం, ఆ కన్యకలకు జంపర్ కేబుల్ అయినా లేదు.

మూడో సౌండు బాక్సు కొనాలని యవ్వనస్థులు చందా మొదలుపెట్టారని విన్నాను. నాకు ఇష్టం లేదు, పెద్దలతోనూ చెప్పాను. ఆ డబ్బుతో ముందు ఒక మల్టీమీటరు, ఒక హైడ్రోమీటరు, మందమైన జంపర్ కేబుళ్లు కొందాం. అవి మందిరంలో ఉంటాయి, ఏ మతంవాడు అడిగినా ఇస్తాం. వచ్చే డిసెంబరు క్యారల్స్‌కు బాక్సులకు వేరే బ్యాటరీ పెట్టుకోవాలి. లేదంటే డప్పు ఉంది, మన గొంతులున్నాయి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ట్రాక్టర్లున్నవారు వాటిని మందిరం ఆవరణలోకి తీసుకురండి. వచ్చేటప్పుడు వంటసోడా, పాత టూత్‌బ్రష్షు, కొంచెం వాజిలిన్ తెచ్చుకోండి. ముందుగా నెగటివ్ తీగ విప్పడం ఎలాగో అక్కడ చూపిస్తాను.