పెట్టెలు పంచారు సరే, ఈగలు నిలిచేదెట్లా?

ఫాల్గుణ, చైత్ర మాసాల్లో మన మెట్ట ప్రాంతాల్లో కానుగ, వేప పూతకొస్తాయి. కొత్త తేనెటీగల మందను పెట్టెలో దింపడానికి ఇదే అదను. తేనెటీగల పెంపకానికి 2017లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ హనీ మిషన్ మొదలుపెట్టింది. 2020లో కేంద్ర ప్రభుత్వం 500 కోట్ల రూపాయలు ప్రకటించింది. దీనికి తీపి విప్లవమని పేరు. సెంటు భూమి లేని కూలీకి కూడా నాలుగు రూపాయలొచ్చే పని అంటున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ప్రకటనల్లో వినపడేదంతా పెట్టెల లెక్క. నెల తిరిగాక ఆ పెట్టెల్లో ఎన్నిట్లో ఈగలున్నాయని అడిగే నాథుడేడీ?

అసలు సంగతేమంటే, మంద నిలిచేదీ పోయేదీ మొదటి మూడు వారాల్లోనే తేలుతుంది. రాణి ఈగ పెట్టిన గుడ్డు కూలి ఈగగా బయటికి రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. (పుస్తకాల్లో కూడా దాన్ని శ్రామిక ఈగ అనే రాశారు, మేం పెట్టిన పేరు కాదు.) పని ముమ్మరంగా వున్న రోజుల్లో ఆ ఈగ ఆయుష్షు ఐదారు వారాలే. అంటే దింపిన నాటినుంచి పాతవి రాలిపోతుంటాయి, కొత్తవి ఇంకా రావు. మంద రోజురోజుకూ పలచబడుతుంది. సరిగ్గా అప్పుడే తిండి కావాలి, కాపలా కావాలి.

చెట్టుతొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టే మన నాటు ఈగకు బెదురెక్కువ. ఎండ తగిలినా, చీమలు పట్టినా, తిండి చాలకపోయినా పెట్టె వదిలి లేచిపోతుంది. అందుకే సాయంకాలం పొద్దు వాలాక దింపాలి. వాకిలి సన్నం చేసి, కొన్నాళ్లు రాణి గేటు బిగించాలి. అందులోంచి కూలి ఈగ దూరుతుంది, రాణి దూరలేదు. పెట్టె చెట్టునీడన వుండాలి, దగ్గర్లో నీళ్లుండాలి. స్టాండు కోళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు పెడితే చీమ ఎక్కదు. వారం దాకా మాటిమాటికీ మూత తీసి చూడకూడదు. పాకం పోసేటప్పుడు మాత్రం చప్పుడు కాకుండా తీసి మూయాలి.

పాకమంటే పంచదార, నీళ్లు సమపాళ్లలో కలిపినది. ఇక్కడే పేదవాడికి చిక్కొస్తుంది. పంచదార కొనలేక బెల్లం నీళ్లు పోస్తారు. బెల్లం ఈగలకు అరగదు, విరేచనాలు పట్టి చస్తాయి. అప్పుడు 'వీళ్లకు శ్రద్ధ లేదు' అంటారు. పెట్టెకు డబ్బులున్న సర్కారుకు నాలుగు కిలోల పంచదారకు లేవా? కూలికి పోతేగాని పొయ్యి వెలగని మనిషి ఈ మూడు వారాలూ పెట్టె దగ్గర కనిపెట్టుకుని వుండాలంటే ఆ పూటల కూలి ఎవరిస్తారు?

ఇంకొకటి. పెట్టె కూలీది, పువ్వు ఆసామిది. పొద్దుతిరుగుడులో ఈగ వాలితే గింజ బాగా కడుతుందని వ్యవసాయ శాస్త్రజ్ఞులే చెప్తున్నారు. హిమాచల్‌లో ఆపిల్ తోటల యజమానులు పూతకాలంలో పెట్టెలకు అద్దె చెల్లిస్తారు. మన దగ్గర అద్దె సంగతి దేవుడెరుగు, గట్టు మీద పెట్టుకోనివ్వడమే ఉపకారమన్నట్టు మాట్లాడే ఆసాములున్నారు. పట్టపగలు, ఈగలు పువ్వు మీద వుండగా మందు కొడితే పొద్దుగూకేసరికి పెట్టె ముందు చచ్చిన ఈగలు కుప్పపడతాయి.

మందలు ఎక్కడినుంచి తెచ్చారో కూడా అడగాలి. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ సోకి దక్షిణాదిన నాటు ఈగల మందలు విపరీతంగా చచ్చాయి. పిల్లపురుగు సంచిలా నీరు పట్టి చచ్చే రోగమది. పరీక్ష చేయకుండా కాంట్రాక్టరు దింపిపోయిన మందను సంతకం పెట్టి తీసుకోవద్దని మా సంఘ సభ్యులకు చెప్తున్నాం.

పెట్టెతోపాటు మూడు వారాల పంచదార, ఆ రోజుల కూలి ఇవ్వాలని, పంచాయతీ పోరంబోకు చెట్లకింద పెట్టెలు పెట్టుకునే హక్కు రాసివ్వాలని, ముందురోజు టముకు వేయించి సాయంత్రం పూటే మందు కొట్టించాలని మండలాఫీసుల్లో అర్జీలు పెడుతున్నాం. పెట్టెలు తీసుకున్నవాళ్లు, ఈగలు పోయి ఖాళీ పెట్టెలు మిగిలినవాళ్లు కూడా పేర్లు రాయించండి.