కాగితం తప్పినా రక్తం తప్పదు

1953లో కొరియా యుద్ధం ముగిసిన పిమ్మట దాదాపు 2 లక్షల మంది దక్షిణ కొరియా బిడ్డలు విదేశాలకు దత్తు వెళ్ళారు. వారిలో కొందరిని, కన్నవారుండగానే అనాథలుగా నమోదు చేశారని 2025లో ఆ దేశపు సత్యశోధన సంఘమే తేల్చింది. కాగితం అబద్ధమాడినచోట డి.ఎన్.ఏ.యే సాక్షి. బిడ్డ జన్యువులలో సగం తల్లివి, సగం తండ్రివి; పినతల్లి బిడ్డలతో సైతం సుమారు 12 శాతం కలుస్తాయి. కన్నవారి వివరాలు దొరకని దత్తులు 2020 నుండి విదేశాలలోని కొరియా రాయబార కార్యాలయాలలో నమూనా ఇవ్వగలుగుతున్నారు. అయితే ఒక చేయి తట్టితే చప్పుడగునా? తల్లి నమూనా గాని, దగ్గరి రక్తబంధువుల నమూనా గాని చేరినప్పుడే పోలిక కుదురుతుంది. ఆ తల్లులు వృద్ధులవుతున్నారు. లోకనిందకు వెరచిన వారికి గోప్యతను హామీ ఇచ్చి, నమూనాల సేకరణకు ప్రభుత్వమే పూనుకోవాలి. వెదకే భారమంతా బిడ్డలపై మోపడం న్యాయం కాదు.