శ్రీ సిటీ అమ్మాయిలకూ ఒక జట్టు కావాలి

2023 ఆగస్టు 16న సిడ్నీలో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సెమీఫైనల్ చూడటానికి 75,784 మంది వచ్చారు. ఆస్ట్రేలియా 3-1తో ఓడినా, అక్కడి జనం తమ జట్టు ‘మటిల్డాస్’ గురించి మాట్లాడుకోవడం మానలేదు. మనకూ అంత గర్వంగా చెప్పుకోదగ్గ పేరుంది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు ఆడారు. 2024-25 సీజన్‌కు దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికయ్యారు. 2025 జులైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి, మన అమ్మాయిలు ఆస్ట్రేలియా వేదికైన 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆ గెలుపు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లకు చేరింది? ఆటను దగ్గరగా చూడనిదే అభిమానం పుట్టదు. ఆ అవకాశం తిరుపతి జిల్లాలోని పారిశ్రామిక నగరం శ్రీ సిటీలో ఉంది. సత్యవేడు, తడ, సూళ్లూరుపేట వైపు నుంచి షిఫ్టు బస్సుల్లో వచ్చే యువతులు ఇక్కడి ఫ్యాక్టరీలను నడిపిస్తున్నారు. ఇంగ్లండ్‌లో మహిళల ఫుట్‌బాల్‌కు ఊపిరి పోసిందీ ఫ్యాక్టరీ కార్మికులే. 1917లో ప్రెస్టన్‌లోని డిక్ కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిలు జట్టు కట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ల ఆటకు సుమారు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో మహిళలను ఆడనివ్వకుండా నిషేధించింది. ఆ అన్యాయం తొలగడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఇక్కడ అలాంటి నిషేధమేదీ లేదు. అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ పల్లె అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పి దారి చూపింది కూడా. శ్రీ సిటీ కంపెనీలు షిఫ్టు అయ్యాక గంటసేపు మైదానం, ఒక కోచ్, రాత్రి ఇంటికి చేర్చే బస్సు ఏర్పాటు చేసి, ఈ ఏడాదే మహిళా కార్మికుల లీగ్ మొదలుపెట్టాలి.