టక్కుమంటేనే పని చేసినట్టా?



హాస్టల్ వార్షికోత్సవం దగ్గర పడిందంటే చాలు, వేదికకు ఎల్‌ఈడీ స్ట్రిప్ కట్టేచోట ఒక వాదన మొదలవుతుంది. దాన్ని వెలిగించి ఆర్పడానికి రిలే పెట్టాలా, ట్రాన్సిస్టర్ పెట్టాలా? ఎక్కువమంది రిలే వైపే. అది టక్కుమంటుంది కాబట్టి పని చేసిందని చెవికి తెలుస్తుంది. మేమూ చాలాకాలం అలాగే నమ్మాం. ఇప్పుడు మా అభిప్రాయం మారింది. 12 వోల్టుల స్ట్రిప్‌కు ట్రాన్సిస్టరే సరైనది.

ఇది వేదిక అలంకరణ గురించిన మాట మాత్రమే కాదు. భద్రాచలం అడవి అంచున గాలివానకు కొమ్మ విరిగి తీగల మీద పడితే కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన రోజులు మనం మరువలేదు. అలాంటి రాత్రి బ్యాటరీకి తగిలించిన ఈ స్ట్రిప్ వెలుగులోనే మన పదో తరగతి తమ్ముళ్లు చదువుకోవాలి.

లెక్క చూద్దాం. మీటరుకు 4.8 వాట్ల స్ట్రిప్ 5 మీటర్లంటే 24 వాట్లు, అంటే 2 ఆంపియర్లు. 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద మూడున్నర గంటలు వస్తుంది, వాడకంలో ఇంకా తక్కువ. రిలేకు వెలిగించడం, ఆర్పడం రెండే తెలుసు. ట్రాన్సిస్టర్ సెకనుకు వందలసార్లు ఆన్, ఆఫ్ చేసి వెలుతురును సగానికి తగ్గించగలదు. ఆ ఆన్, ఆఫ్ కంటికి తెలియదు, బ్యాటరీ మాత్రం దాదాపు రెట్టింపు సేపు వస్తుంది. పైగా మామూలు 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ ఆన్‌లో ఉన్నంతసేపూ సుమారు 30 మిల్లీఆంపియర్లు తీసుకుంటూనే ఉంటుంది.

"ట్రాన్సిస్టర్ కాలిపోతుందన్నా" అంటారు తమ్ముళ్లు. ఎంపిక తప్పితే కాలుతుంది. బీసీ547 మోయగలిగేది 100 మిల్లీఆంపియర్లే, దాని మీద 2 ఆంపియర్లు పెడితే కాలక ఏం చేస్తుంది? టిప్122 మోస్తుంది గానీ, ఒక వోల్టు దాకా తానే మింగి వేడెక్కుతుంది. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అనే మాస్‌ఫెట్‌కు గేటు దగ్గర 5 వోల్టులు చాలు. 2 ఆంపియర్ల దగ్గర దాని వేడి వాటులో పదో వంతే. గేటు నుంచి గ్రౌండుకు 10 కిలో ఓముల రెసిస్టర్, బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు పెట్టండి. బ్యాటరీ నెగెటివ్‌ను బోర్డు గ్రౌండుతో కలపడం మరవకండి. ఇంకో మాట: రిలేను నడపడానికి కూడా ఆర్డుయినో పిన్ను ఇచ్చే కరెంటు సాధారణంగా చాలదు, మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ ఉండాల్సిందే!

రిలే పనికిరాదని మేము అనడం లేదు. 230 వోల్టుల ఫ్యాను, మోటారు దగ్గర దానిదే పెద్దరికం. ఆ ప్రమాదకరమైన కరెంటును మన బోర్డుకు తగలకుండా వేరుగా ఉంచుతుంది. అక్కడ మాత్రం ఎలక్ట్రీషియన్ లేకుండా చెయ్యి పెట్టకండి.

ఇంట్లో అడిగితే చెప్పే ఇంజనీరు మనలో చాలామందికి లేడు. అందుకే షాపతను ఇచ్చిందే తెచ్చుకుంటాం, సీనియర్ చేసిందే చేస్తాం. ఆ సీనియర్లం మేమే కనుక చెబుతున్నాం: మా మాటనూ నమ్మకండి. డేటాషీట్ తెరవండి, మల్టీమీటర్ పట్టండి, ఎన్ని ఆంపియర్లో కొలవండి. చప్పుడు విని నమ్మడం మాతో ఆగిపోవాలి. లెక్క చూసి నమ్మడం మీతో మొదలవ్వాలి.