విశాఖ మీద రాసింది విశాఖ చదవాలి

వన్‌టౌన్‌లో పోర్టుకు ఆనుకుని ఉన్న వీధుల్లో డాబా ఎక్కి పిట్టగోడ మీద చెయ్యి రాస్తే అరచెయ్యి నల్లబడుతుంది. ఓడల నుంచి దించే బొగ్గు, ఓడలకెక్కించే ఇనుప ఖనిజం తాలూకు ధూళి అది. ఆ ధూళిని ఫిల్టర్ కాగితం మీద పట్టి, తూచి, అందులో ఏ లోహం ఎంతుందో లెక్కగట్టిన పరిశోధకులు ఈ ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల జీతాలు, స్కాలర్ల ఫెలోషిప్పులు, ల్యాబు పరికరాలు చాలావరకు ప్రజాధనమే. తీరా ఫలితం అచ్చయ్యేది ఎక్కువగా విదేశీ జర్నళ్లలో. ఆ డాబా సొంతదారు తన ఇంటి మీద పడే ధూళి గురించి చదవాలంటే చాలాసార్లు డాలర్లు కట్టాల్సిందే. ఇది అన్యాయం. దీన్ని సరిచేసే పని ఢిల్లీ కంటే ముందు ఇక్కడి లైబ్రరీల్లో మొదలవాలన్నది నా వాదన.

నేను గోపాలపట్నం వైపు ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి పన్నెండు మందిని బలితీసుకుంది. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. స్టైరీన్ ఫార్ములా నేను ఏటా బోర్డు మీద రాసేదే. అది దానంతటది పాలిమర్‌గా మారి వేడెక్కిపోకుండా టీబీసీ అనే నిరోధకం కలుపుతారనీ, ఆ టీబీసీ పనిచెయ్యాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలనీ, చల్లదనం తప్పితే అది త్వరగా ఖర్చైపోతుందనీ పిల్లలకు చెబుతాను. కానీ ఇళ్లకు తిరిగొచ్చిన తల్లులు అడిగింది అది కాదు. "మా పాపకి ముందుముందు ఏమైనా అవుతుందా మేడమ్?" అని అడిగారు.

దానికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, ఫైబర్‌గ్లాసు పడవలు తయారుచేసే షెడ్లలో ఏళ్ల తరబడి స్టైరీన్ పీల్చిన కార్మికుల మీద డెన్మార్క్ లాంటి దేశాల్లో జరిగిన అధ్యయనాలు చూడాలి. వెతికితే కావలసినవి దొరికాయి కూడా. అరపేజీ సారాంశం దాకా రానిచ్చి ఆపేశారు. మిగతాది చదవాలంటే ఒక్కో వ్యాసానికి దాదాపు నలభై డాలర్లు, అప్పటి మారకంలో మూడు వేల రూపాయలు. సారాంశంలో మోతాదుల పట్టిక ఉండదు, పిల్లల ఊసు ఉండదు. చివరికి అక్కరకొచ్చినవి రెండు: అమెరికా ప్రభుత్వం వాళ్ల విషపదార్థాల సంస్థ స్టైరీన్ మీద వేసిన పెద్ద నివేదిక, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మోనోగ్రాఫు. రెండూ ఉచితం. మూత్రంలో మాండెలిక్ ఆమ్లం కొలిస్తే ఒక మనిషి ఎంత స్టైరీన్ పీల్చాడో అంచనా కట్టొచ్చని, అయితే శరీరం దాన్ని త్వరగా బయటికి పంపేస్తుంది కాబట్టి ఆ ఒకటి రెండు రోజుల్లోనే పరీక్ష చెయ్యాలని అలా చదివి తెలుసుకున్నాను. నేను చదివేసరికి ఆ గడువు దాటిపోయింది.

జర్నళ్ల వ్యాపారం తీరు బయటివాళ్లకు పెద్దగా తెలియదు. వ్యాసం రాసిన ప్రొఫెసర్‌కు ప్రచురణ సంస్థ పైసా ఇవ్వదు. అది సరిగ్గా ఉందో లేదో చదివి చెప్పే మరో ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లకూ సాధారణంగా ఏమీ ఇవ్వదు. అచ్చయ్యాక అదే వ్యాసాన్ని ఆ ప్రొఫెసర్ల లైబ్రరీకే ఏడాది చందా మీద అమ్ముతుంది. ఈ పద్ధతి మారాలని, పరిశోధన ఎవరికైనా ఉచితంగా చదవడానికి అందాలని 2002లో బుడాపెస్ట్ ప్రకటన వెలువడింది. ఓపెన్ యాక్సెస్ అన్న మాట అక్కడి నుంచే స్థిరపడింది.

మన కేంద్ర ప్రభుత్వం వేరే దారి పట్టింది. 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి క్యాబినెట్ ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం స్కాలర్లకు ఇది నిజంగా మేలు, కాదనను. కానీ ఇది పెద్ద చందా మాత్రమే. గేటు గేటులాగే ఉంది, తాళంచెవులు ఎక్కువయ్యాయి. ఈ విడతలో ప్రైవేటు కాలేజీలు లేవు. ఈ జిల్లాలో డిగ్రీ, ఇంజినీరింగు చదివే పిల్లల్లో ఎంతమంది ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారో తల్లిదండ్రులకు చెప్పనక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలో రిటైరైన ఇంజినీరు, మత్స్యకార సంఘం తరఫున మాట్లాడే కుర్రాడు, సొంత క్లినిక్కు నడిపే డాక్టరు, విలేకరి... వీళ్లెవరూ ఆ లెక్కలో లేరు.

చదువును అందరి ముంగిట్లోకి తేవడం మనకు కొత్త కాదు. ఈ ఊళ్లో 1886లోనే సరస్వతీ నిలయం పేరుతో గ్రంథాలయం వెలిసింది. 1935లో కృష్ణా కాలువల మీద పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు తిప్పారు. అదే ఏడు ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయ శాస్త్రంలో కోర్సు మొదలుపెట్టింది. 1950ల్లో అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ వచ్చి ఇక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి మన తీరానికి ఎదురుగా సముద్రపు అడుగున ఉన్న లోయలను కొలిచారు. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఆ పరిశోధనల సంపుటాలను 1954లోనూ 1958లోనూ విశ్వవిద్యాలయమే సొంతంగా ప్రచురించింది. నాకు ఇది చాలా గొప్ప సంగతిగా అనిపిస్తుంది. ఫలానా విదేశీ జర్నల్లో వస్తేనే విలువ అన్న పట్టింపు అప్పటికి ఇంత ముదరలేదు.

ఇప్పుడు తెరిచి ఉన్న ఒక తలుపు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల నిధి. పీహెచ్‌డీ థీసిస్‌లు డిజిటల్ రూపంలో ఇవ్వాలని 2009లో యూజీసీ నిబంధన పెట్టబట్టి ఇది పెరిగింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది. ఫోనున్న ఎవరైనా పాస్‌వర్డు లేకుండా చదవొచ్చు. మన ఊరి భూగర్భ జలాల మీద, గాలి మీద వచ్చిన థీసిస్‌లు మా పిల్లలకు అక్కడే చూపిస్తాను. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు: ముందు టైటిలు, తర్వాత సర్టిఫికెట్టు, కృతజ్ఞతలు, అప్పుడు అసలు విషయం. కొన్ని స్కానింగుల్లో పట్టికలు వంకరపోయి అంకెలు కనబడవు. అయినా సొంత పేట పేరు పరిశోధన పట్టికలో చూసినప్పుడు పిల్లల్లో వచ్చే పట్టుదల వేరు.

ఓపెన్ యాక్సెస్ పేరుతో మోసాలూ జరిగాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ రచయితల దగ్గర డబ్బు తీసుకుని సరైన సమీక్ష లేకుండా అచ్చేస్తోందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. పేరున్న సంస్థలు కూడా పాఠకుడికి ఉచితమంటూ రచయిత దగ్గర రెండు మూడు వేల డాలర్లు తీసుకోవడం మామూలైంది. ఈ రెండూ మనకు వద్దు. ఖర్చు తక్కువైన దారి లైబ్రరీ రిపాజిటరీ, అంటే సంస్థలో జరిగిన పరిశోధనలను ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచి ఉంచే చోటు. సమీక్ష పూర్తై జర్నల్ ఆమోదించిన చివరి రాతప్రతిని తన సంస్థ రిపాజిటరీలో పెట్టుకోవడానికి చాలా ప్రచురణ సంస్థలు, కొన్ని నెలల గడువు తర్వాతైనా, ఒప్పుకుంటాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ శాఖలు తమ నిధులతో జరిగిన పరిశోధనకు ఇలా చెయ్యాలని 2014 డిసెంబరులోనే విధానం ప్రకటించాయి. విధానం ఉంది, అడిగేవాళ్లు లేరు. ఆ అడిగే పని లైబ్రేరియన్‌ది. ఏ జర్నల్ ఏ ప్రతికి ఒప్పుకుంటుందో చూసి, స్కాలర్‌కు ఫోన్ చేసి, ఫైలు తెప్పించి, మన ఊరి పేటల పేర్లతో వెతికితే దొరికేలా పెట్టడం ఆ చదువు చదివినవాళ్లకే చేతనవుతుంది. ఖాళీ పోస్టులు నింపకుండా ఈ పని కాదని పాలకులు గుర్తించాలి.

వందేళ్ల విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో ఊరివాళ్లు వచ్చి కూర్చుని జర్నళ్లు చదువుకునేందుకు కొన్ని కంప్యూటర్లు కేటాయించాలి. లైబ్రరీకి నడిచొచ్చిన పాఠకుడిని చదవనివ్వడం ప్రచురణ సంస్థలతో చాలా దేశాలు చేసుకునే ఒప్పందాల్లో ఉన్నదే. వచ్చే ఒప్పందంలో మన కేంద్రం కూడా అది రాయించుకోవాలి, జిల్లా గ్రంథాలయాలను కూడా చేర్చాలి. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం.

ఇక ఈ ఊరి గాలి మీద, నీటి మీద, మనుషుల ఆరోగ్యం మీద పనిచేసిన ప్రొఫెసర్లకు ఒక మనవి. మీ వ్యాసాల ఆమోదిత ప్రతులు మీ కంప్యూటర్లలోనే ఉన్నాయి. ఎవరో అడిగేదాకా ఆగకండి. ఈ వారమే మీ లైబ్రరీకి పంపండి.