గ్రాంటు ముగిసిన తరువాత

మా ఆఫీసులో గ్రాంటు ఖర్చయి రసీదులు సరిపోతే ఫైలు మూసివేస్తాము. గ్రంథాలయానికి మాత్రం అసలు పరీక్ష అప్పుడే మొదలు. అమెరికాలో కార్నెగీ మహాశయుడు భవనానికి డబ్బిచ్చేముందే, అందులో పదోవంతు ఏటేటా నిర్వహణకు ఆ ఊరే ఇవ్వాలని మాట తీసుకునేవాడు. మన వైపు 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు పెట్టింది. ధర్మపురిలో మనమూ అది కడుతున్నవారమే. కనుక తెలుగు పుస్తకాలు కావాలని అడిగే హక్కు మనకున్నది. అయితే, నిరుడు ఎన్ని కొత్త పుస్తకాలు చేరినవి, మన పిల్లలెందరు ఇంటికి తెచ్చుకొని చదివినారు? ఈ రెండు పద్దులూ సున్నాలైతే ఏ గ్రాంటూ ఆ బీరువాను నిలపజాలదు. ఈ ఆదివారం పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లండి. ఒక్క తెలుగు పుస్తకమైనా అడగండి.